గ్రిఫిద్‌ను సొంతవాళ్ళే చంపారు, సరే. ఎందుకు చంపారో కూడా చెప్పండి

వేల్స్‌లో కోటల దగ్గర చరిత్ర బోర్డులు రాసే అధికారులకు, బడుల్లో చరిత్ర పాఠాలు తయారుచేసే టీచర్లకు, టూరిస్టులను వెంటబెట్టుకుని తిప్పే గైడ్లకు,

నమస్కారం.

ఈ ఉత్తరం ముందు తెలుగులో రాస్తున్నాను. చిరాకు వచ్చినప్పుడు నాకు మాటలు తెలుగులోనే సరిగ్గా వస్తాయి, అంతకుమించి కారణం లేదు. మీకు ఇంగ్లీషు ప్రతి విడిగా పంపిస్తాను. ఈలోగా అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవులొస్తే పిల్లల్ని కారెక్కించుకుని కోటల చుట్టూ తిరిగే మన తెలుగువాళ్ళు చదివినా మంచిదే.

విషయం గ్రిఫిద్ అప్ లెవెలిన్ గురించి. అంటే లెవెలిన్ కొడుకు గ్రిఫిద్. వేల్స్‌లో అందరికీ తెలిసిన 13వ శతాబ్దపు పాలకులు, లెవెలిన్ పేరున్న ఆ ఇద్దరూ వేరు, ఇతను వాళ్ళకు సుమారు రెండు వందల ఏళ్ళ ముందువాడు. మొత్తం వేల్స్‌ను తన ఒక్కడి చేతికింద పెట్టుకుని ఏలిన వేల్స్ రాజు చరిత్రలో ఇతనొక్కడే. ఇది వేల్స్ అభిమానులు గొప్పకు చెప్పుకునే మాట కాదు. అతను చచ్చిపోయిన సంవత్సరం, 1063 కింద, అతన్ని ఓడించిన ఇంగ్లీషువాళ్ళ రాజవృత్తాంతమే రాసుకుంది, వేల్స్ జనమందరి మీదా ఇతను రాజు అని. శత్రువు ఒప్పుకున్నాక ఇంకెవరు ఒప్పుకోవాలి?

అలాంటి మనిషి కథను మీలో చాలామంది రెండే రకాలుగా చెబుతారు. ఒకటి, హెరాల్డ్ (అప్పట్లో ఇంగ్లండ్ రాజు కింద పెద్ద దొర, తర్వాత తానే రాజై, 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లతో హేస్టింగ్స్ యుద్ధంలో చచ్చినవాడు) ఆ యుద్ధానికి ముందు ఎంత మొనగాడో చూపించడానికి, అతని చేతిలో ఓడిన ఒకానొక కొండరాజుగా రెండు వాక్యాల్లో. రెండోది దేశభక్తి రకం. వేల్స్‌ను ఏకం చేశాడు, ఇంగ్లండ్‌ను గడగడలాడించాడు, చివరికి సొంతవాళ్ళే ద్రోహం చేసి తల నరికి అమ్ముకున్నారు, అయ్యో పాపం. మొదటిది వింటే ఒళ్ళు మండుతుంది. కానీ నిజం చెప్పాలంటే నాకు రెండోదానితోనే ఎక్కువ పేచీ. ద్రోహం అనే మాట ఒకటి పడేస్తే ఇక ఎవరూ ప్రశ్నలడగరు. ఆ ద్రోహం చేసినవాడి ఇంట్లో శవం ఎప్పుడు లేచిందో, ఎవరివల్ల లేచిందో అడగరు.

కాబట్టి మొదట్నుంచీ వద్దాం.

గ్రిఫిద్ తండ్రి లెవెలిన్ అప్ సైసిల్ కూడా రాజే. ఉత్తరాన గ్వినెద్‌ను, దక్షిణాన దెహైబార్త్‌ను కూడా ఏలాడు. 1023లో పోయాడు. అప్పటికి గ్రిఫిద్ చిన్నవాడు, సింహాసనం నిలబెట్టుకునే వయసు కాదు. గ్వినెద్ మళ్ళీ పాత రాజవంశం చేతికి, యాగో అబ్ ఇడ్వాల్ అనేవాడికి పోయింది. దక్షిణం రిదర్ఖ్ అబ్ యెస్టిన్ అనే ఇంకొకడు పట్టుకున్నాడు. తల్లి అంగారద్ దక్షిణాది రాజవంశపు ఆడపడుచు, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది, ఆ పెళ్ళికి పుట్టినవాళ్ళు బ్లెదిన్, రివాల్లన్. ఈ తమ్ముళ్ళిద్దరినీ కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత వీళ్ళతో పని పడుతుంది.

ఇక్కడ ఒక్క విషయం పిల్లలకు మొదటే చెప్పకపోతే మిగతా కథంతా పిచ్చి నరుకుళ్ళలా కనిపిస్తుంది. ఆనాటి వేల్స్‌లో పెద్దకొడుకుకే రాజ్యం అనే పద్ధతి లేదు. పెళ్ళాడిన భార్య కొడుకా, కాదా అన్న పట్టింపు కూడా అంతగా లేదు, తండ్రి వీడు నా కొడుకే అని ఒప్పుకుంటే చాలు. దానర్థం ఏమిటంటే, రాజరక్తం ఉన్న ప్రతి మగపిల్లాడూ హక్కుదారే. అన్నదమ్ములు, సవతి అన్నదమ్ములు, పెదనాన్న పిల్లలు, బాబాయి పిల్లలు, అందరూ. దాయాదుల పోరు అని మనం ఆస్తి తగాదాల గురించి అంటాం, అక్కడ ఆస్తి అంటే రాజ్యమే, కోర్టు అంటే కత్తే.

గ్రిఫిద్ కుర్రతనం గురించి ఒక మంచి కథ ఉంది. వాల్టర్ మ్యాప్ అనే పెద్దమనిషి 12వ శతాబ్దం చివర్లో రాసిపెట్టాడు, అంటే నూరేళ్ళు దాటిన తర్వాతి మాట, కాబట్టి కథగానే తీసుకోండి. కుర్రాడు పరమ బద్ధకస్తుడట, తండ్రి ఇంట్లో పొయ్యి దగ్గర బూడిదలో పడి ఉండేవాడట. కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి అక్క తిట్టి బయటికి తరిమితే వెళ్ళి ఎవరిదో ఇంటి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోపల వంటవాడు మాంసం ఉడకబెడుతున్నాడు. ఇందులో ఒక్క ముక్క ఉంది రా, ఎన్నిసార్లు కిందికి తొక్కినా మళ్ళీ అన్నిటికంటే పైకే తేలుతోంది అని పక్కవాళ్ళతో అంటున్నాడు. ఇది నా గురించే అనుకుని లేచాడట గ్రిఫిద్. నిజమో కల్పనో గానీ, నూరేళ్ళ తర్వాత కూడా సరిహద్దు జనం అతన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారో దీంట్లో తెలుస్తుంది. కిందికి తొక్కితే పైకొచ్చేవాడు. మరి పైకి రావాలంటే మిగతా ముక్కలు కిందికి పోవాలిగా.

మొదట కిందికి పోయింది యాగో. 1039లో చనిపోయాడు, వెంటనే గ్వినెద్ గ్రిఫిద్ చేతికి వచ్చింది. చంపిందెవరు అంటే ఐర్లండ్‌లోని అల్‌స్టర్ వార్షిక వృత్తాంతం సొంతవాళ్ళే అంటుంది. ఈ రెండు ముక్కలు మీ బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండాలని నా కోరిక. ఎందుకంటే 24 ఏళ్ళ తర్వాత గ్రిఫిద్ చావు గురించి కూడా ఇంగ్లీషువాళ్ళు సరిగ్గా ఇదే రాశారు. యాగో కొడుకు కనాన్ ప్రాణాలు దక్కించుకుని సముద్రం దాటి డబ్లిన్ చేరాడు. వైకింగుల ఊరది, అక్కడి రాజకుటుంబపు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. మర్చిపోయాడని మాత్రం అనుకోకండి.

అదే 1039లో గ్రిఫిద్ తూర్పుకు తిరిగి, సెవెర్న్ నది ఒడ్డున రిదగ్రోయిస్ దగ్గర మెర్సియా (ఇంగ్లండ్ నడిమి ప్రాంతం) సైన్యాన్ని మట్టికరిపించాడు. చచ్చినవాళ్ళలో మెర్సియా ఎర్ల్, అంటే రాజు కింద ఆ ప్రాంతాన్ని ఏలే దొర, లియోఫ్రిక్ తమ్ముడు ఎడ్విన్ కూడా ఉన్నాడు. (లియోఫ్రిక్ అంటే గుర్తుకు రాకపోవచ్చు. గుర్రమెక్కి ఊరేగిందని కథ ఉన్న లేడీ గొడైవా భర్త ఆయనే.) తర్వాత దక్షిణం మీద పడ్డాడు. అక్కడి రాజు హవెల్ అబ్ ఎడ్విన్, ఆ మెర్సియా ఎడ్విన్‌కీ ఇతనికీ సంబంధం లేదు, పేర్ల గొడవ వేల్స్ చరిత్రలో తప్పదు. 1041లో పెన్‌కాడెర్ దగ్గర హవెల్ ఓడిపోయాడు, అతని భార్యను గ్రిఫిద్ పట్టుకుపోయి తనదాన్ని చేసుకున్నాడు. వేల్స్ వృత్తాంతం ఈ సంగతిని ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్ళిపోయింది. ఆమె పేరు కూడా లేదు. మీరు గ్రిఫిద్ వీరగాథ చెప్పేటప్పుడు ఈ వాక్యం దగ్గరకొచ్చి గబగబా దాటేస్తారు. దాటేయకండి. ఆమెను గుంజుకుపోవడం కూడా రాజ్యం గుంజుకోవడంలో భాగమే, హవెల్‌కి ఇక ముఖం లేకుండా చేయడానికే అది. 1044లో హవెల్ వైకింగు ఓడల్ని వెంటేసుకుని టవి నది ముఖద్వారానికి వచ్చి చివరి ప్రయత్నం చేశాడు, అక్కడే చచ్చాడు.

దక్షిణం దక్కిందా అంటే దక్కలేదు. రిదర్ఖ్ కొడుకులు లేచారు. పెద్ద పోటీదారు పేరు కూడా గ్రిఫిదే, గ్రిఫిద్ అప్ రిదర్ఖ్. ఇతనితో గొడవ పదేళ్ళు నడిచింది. 1046లో మనవాడు గాడ్విన్ కొడుకు స్వేన్‌తో, అంటే హెరాల్డ్ సొంత అన్నతో, చేతులు కలిపి దక్షిణం మీదికి వెళ్ళాడు. వేల్స్ రాజు ఇంగ్లీషు ఎర్ల్‌ను వెంటబెట్టుకుని ఇంకో వేల్స్ రాజు మీదికి పోవడం అన్నమాట. వేల్స్ ఒక జట్టు, ఇంగ్లండ్ ఒక జట్టు అని క్రికెట్ మ్యాచ్‌లా చెప్పేవాళ్ళు ఈ సంవత్సరం దగ్గర కాసేపు ఆగాలి. మరుసటి ఏడాది దక్షిణాన ఇస్ట్రాడ్ టవి ప్రాంతపు పెద్దమనుషులు కుట్ర చేసి గ్రిఫిద్ సొంత దళంలో సుమారు 140 మందిని చంపేశారు. ఎప్పుడూ రాజు వెంటే ఉండి, రాజు పెట్టిన తిండి తిని, రాజు కోసం చచ్చే మనుషులు వాళ్ళు. దానికి బదులుగా ఇస్ట్రాడ్ టవినీ డైవెద్‌నీ బుగ్గి చేశాడు. కుట్ర చేసింది పెద్దమనుషులు, కాలింది మాత్రం రైతుల గడ్డివాములే అయుంటాయి.

1055లో రెండో గ్రిఫిద్ కూడా ఇతని చేతిలో పోయాడు. ఆగ్నేయాన మోర్గానుగ్ రాజునూ తరిమేశాక వేల్స్‌లో ఇతనికి ఎదురుగా నిలబడేవాడు లేడు.

ఇన్ని హత్యల గురించి ఎవరో అడిగితే, వాల్టర్ మ్యాప్ చెప్పిన కథలో, గ్రిఫిద్ ఇలా అన్నాడట: నేనెవర్నీ చంపడం లేదు, వేల్స్ కన్న బిడ్డల కొమ్ములు మొద్దుబారుస్తున్నాను, వాళ్ళు తల్లిని పొడవకుండా. ఎంత అందంగా ఉందో చూడండి. అందంగా ఉంది కాబట్టే నాకు భయం. క్లాసులో ఈ మాట చెప్పండి, తప్పకుండా చెప్పండి, కానీ చెప్పి ఊరుకోకుండా ఆ కొమ్ములు మొద్దుబారినవాళ్ళ పేర్లు పిల్లల చేత వరుసగా రాయించండి. యాగో, హవెల్, గ్రిఫిద్ అప్ రిదర్ఖ్. వాళ్ళ ఇళ్ళలో ఈ మాట ఎలా వినబడిందో అడగండి.

ఇంగ్లండ్‌తో గొడవ గురించి మీరు బాగానే చెబుతారు కాబట్టి నేను త్వరగా వెళ్ళిపోతాను, ఒక్క హెరిఫర్డ్ తప్ప. లియోఫ్రిక్ కొడుకు ఆల్ఫ్‌గార్‌ను 1055లో దేశం నుంచి వెళ్ళగొడితే అతను ఐర్లండ్ వెళ్ళి 18 ఓడలు తెచ్చుకుని గ్రిఫిద్ దగ్గరికి వచ్చాడు. బాబాయిని చంపినవాడి దగ్గరికి! ఇద్దరూ కలిసి అక్టోబర్ 24న సరిహద్దులోని ఇంగ్లీషు ఊరు హెరిఫర్డ్ మీద పడ్డారు. అక్కడి ఎర్ల్ రాల్ఫ్ ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ మేనల్లుడు, తన ఇంగ్లీషు సైన్యాన్ని అలవాటు లేని గుర్రాల మీద ఎక్కించి యుద్ధానికి తెచ్చాడు. ఒక్క ఈటె పడకముందే అందరూ గుర్రాల మీదే పారిపోయారని వాళ్ళ వృత్తాంతమే రాసింది. నవ్వొస్తుంది. ఆ తర్వాత నవ్వు రాదు, ఎందుకంటే ఊరూ, పెద్ద చర్చీ తగలబడ్డాయి, చర్చి గుమ్మం కాపాడబోయిన పూజారులు చచ్చారు. మరుసటి ఏడాది హెరాల్డ్ తన దగ్గరి పూజారి లియోఫ్‌గార్‌ను హెరిఫర్డ్‌కు బిషప్ చేయిస్తే, ఆ మీసాల బిషప్ శిలువ పక్కన పెట్టి కత్తీ ఈటె పట్టుకుని గ్రిఫిద్ మీదికి పోయి, పదవిలోకి వచ్చిన కొద్ది వారాలకే జూన్ 16న చచ్చాడు. అప్పుడు గానీ ఇంగ్లండ్ పెద్దలు సంధికి దిగలేదు. ఎడ్వర్డ్ రాజుకు లోబడి ఉంటానని గ్రిఫిద్ ప్రమాణం చేశాడు, సరిహద్దులో గుంజుకున్న భూములు చాలావరకు చేతిలోనే ఉంచుకున్నాడు, ఆల్ఫ్‌గార్ కూతురు ఎయల్డ్‌గిత్‌ను పెళ్ళి చేసుకున్నాడు.

ఆ తర్వాతి కొన్నేళ్ళు ఎలా గడిచాయో చూపించే చిన్న సంగతి ఒకటుంది, మీకు తెలిసే ఉంటుంది, కానీ ఎవరికీ చెప్పరు. 1086లో నార్మన్లు రాయించిన భూముల, పన్నుల చిట్టా డూమ్స్‌డే లెక్కల్లో, ఇప్పటి ఫ్లింట్‌షైర్‌లోని బిస్టర్ అనే ఊరి దగ్గర గ్రిఫిద్ రాజు పేరు వస్తుంది. రాజు ఆ ఊరికి వచ్చినప్పుడల్లా ఒక్కో నాగలికి 200 రొట్టెలు, ఒక పీపా బీరు, ఒక పాత్ర వెన్న ఇచ్చుకోవాలి. రాజ్యం ఏకమైంది అంటే ఊరివాళ్ళకు అర్థమయ్యేది ఇది. రాజు వస్తున్నాడంటే ఎన్ని రొట్టెలు కాల్చాలి, ఎవరింట్లో పిండి ఉంది, ఎవరి ఆవు పాలిస్తోంది. పదేళ్ళ పిల్లలకు ఏకీకరణ, సార్వభౌమత్వం అని నోరు తిరగని మాటలు చెప్పే బదులు ఈ రొట్టెల లెక్క వేయించండి, ఊళ్ళో ఆరు నాగళ్ళుంటే ఎన్ని రొట్టెలు అని. లెక్కల టీచరు కూడా సంతోషిస్తారు.

అండ ఉన్నంతకాలం బాగానే నడిచింది. 1062 ప్రాంతంలో ఆల్ఫ్‌గార్ చచ్చిపోయాడు, ఆ అండ పోయింది. హెరాల్డ్ ఆగలేదు. ఆ క్రిస్మస్ వెళ్ళగానే గ్లాస్టర్ నుంచి గుర్రాల మీద ఉన్నపళంగా రిద్లాన్ మీదికి వచ్చాడు. క్లూయిడ్ నది ఒడ్డున గ్రిఫిద్ నివాసం, ఓడలు అక్కడే ఉన్నాయి. గ్రిఫిద్ వెంట్రుకవాసిలో ఓడెక్కి తప్పించుకున్నాడు, మిగిలిన ఓడలూ ఇల్లూ హెరాల్డ్ తగలబెట్టాడు. వేసవికాలం మొదలవుతుండగా హెరాల్డ్ బ్రిస్టల్ నుంచి ఓడలతో చుట్టివచ్చాడు, తమ్ముడు టోస్టిగ్ నేల మీద నుంచి వచ్చాడు. దక్షిణంవాళ్ళు గ్రిఫిద్‌ను వదిలేసి హెరాల్డ్‌కు బందీలనిచ్చి శాంతి చేసుకున్నారు. వాళ్ళకు గ్రిఫిద్ ఎవరు? ఇస్ట్రాడ్ టవిని కాల్చినవాడు. అలాంటివాడి కోసం ఎందుకు చావాలి?

1063 ఆగస్టు 5న చంపేశారు. తల హెరాల్డ్‌కు చేరింది, హెరాల్డ్ దాన్నీ, గ్రిఫిద్ ఓడ ముందుండే బొమ్మనూ కలిపి ఎడ్వర్డ్ రాజుకు అందజేశాడు. వేల్స్ వృత్తాంతం సొంతవాళ్ళ మోసం అంటుంది, బ్రిటన్ల తలా డాలూ రక్షకుడూ అని ఏడుస్తుంది. అల్‌స్టర్ వృత్తాంతం మాత్రం ఎవరో కూడా చెబుతుంది: లెవెలిన్ కొడుకును చంపింది యాగో కొడుకు. అంటే డబ్లిన్ చేరిన ఆ కనాన్. ఇది ఒక్క చోట దొరికే మాటే కాబట్టి ఖాయంగా తేలిపోయిందని నేననను. కానీ మూడు దేశాల మూడు రాతలను పక్కపక్కన పెట్టి పిల్లల ముందు ఉంచితే, ద్రోహం అన్న మాట ఎవరు వాడారు, ఎవరు వాడలేదు, ఎందుకని అన్నది వాళ్ళే పట్టుకుంటారు. 2022 నుంచి వచ్చిన మీ కొత్త కరికులంలో ఏ పాఠం ఎలా చెప్పాలో ఎంచుకునే వీలు బడులకే ఇచ్చారు కదా, ఇంతకంటే మంచి పాఠం ఏం దొరుకుతుంది?

తర్వాత సంగతులు కూడా చెప్పాలి, తల తెగిన దగ్గర బోర్డు ఆపేయకూడదు. హెరాల్డ్ వేల్స్‌ను తాను ఉంచుకోలేదు, ఉత్తర భాగం ముందు చెప్పిన ఆ సవతి తమ్ముళ్ళు బ్లెదిన్, రివాల్లన్ చేతికి వెళ్ళింది. ఎయల్డ్‌గిత్‌ను తాను పెళ్ళి చేసుకున్నాడు, మొగుణ్ణి ఓడించినవాడితో ఆమె కాపురం, అదీ 1066 అక్టోబర్ 14న హేస్టింగ్స్‌లో ముగిసింది. గ్రిఫిద్ కొడుకులు మారెదిద్, ఇథెల్ పెద్దవాళ్ళై తండ్రి రాజ్యం కోసం ఆ బాబాయిల మీదికి వెళ్ళారు. 1070 ప్రాంతంలో మెఖైన్ దగ్గర యుద్ధం. ఇథెల్, రివాల్లన్ అక్కడే చచ్చారు, మారెదిద్ పారిపోయి చలికి చచ్చాడు. చివరికి 1081 తర్వాత గ్వినెద్‌లో నిలదొక్కుకుని రాజవంశం నడిపినవాడెవరయ్యా అంటే డబ్లిన్‌లో పెరిగిన గ్రిఫిద్ అప్ కనాన్, యాగో మనవడు. మొదట్లో చెప్పిన 13వ శతాబ్దపు లెవెలిన్‌లిద్దరూ ఆ వంశంవాళ్ళే. మొత్తం వేల్స్‌ను ఏలినవాడి కథ వెనక్కి జరిగిపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా అనుమానం. గెలిచిన దాయాది ఇంట్లో ఓడిన దాయాది ఫొటో ఎవరు తగిలిస్తారు?

ఇక నా కోరికలు. రిద్లాన్‌కు వచ్చినవాళ్ళ కళ్ళు 1277లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ (ముందు చెప్పిన ఎడ్వర్డ్ కాదు) మొదలుపెట్టిన రాతికోట మీదే పడతాయి, అది సహజం, అంత పెద్ద గోడలు మరి. అక్కడి నుంచి కాసేపు నడిస్తే ట్వట్‌హిల్ మట్టిదిబ్బ ఉంది, 1073లో నార్మన్లు కట్టింది, గ్రిఫిద్ నివాసం ఆ పరిసరాల్లోనే ఉండేదంటారు. గైడ్లు మనుషుల్ని ముందు ఆ దిబ్బ ఎక్కించి తర్వాత కోటలోకి తీసుకెళ్ళండి, కాళ్ళు నొప్పులు అన్నా సరే. బోర్డులు మార్చే సమయం వచ్చినప్పుడు గ్రిఫిద్ పేరు పక్కన యాగో పేరు, హవెల్ పేరు, కనాన్ పేరు కూడా ఉండేలా చూడండి. హవెల్ భార్య గురించి ఒక వాక్యం, పేరు లేకపోయినా సరే. టీచర్లు 1039 నుంచి మొదలుపెట్టి 1081 దాకా వెళ్ళండి, మధ్యలో 1063 దగ్గర బెల్లు కొడితే మర్నాడు కొనసాగించండి.

అతన్ని వీరుణ్ణి చేయమని నేనడగడం లేదు, విలన్‌ను చేయమనీ అడగడం లేదు. ఇంగ్లీషు ప్రతిలో ఈ ఉత్తరం కాస్త మర్యాదగా ఉంటుంది, విషయం మాత్రం ఇదే. పాఠం ప్లాను ఎవరైనా తయారుచేస్తే నాకో కాపీ పంపండి, తెలుగులోకి మార్చి అక్కడి మన పిల్లలకు నేనే పంచుతాను.

ఇట్లు,
వేల్స్ చరిత్ర పిచ్చి పట్టిన ఒక తెలుగు పాఠకుడు